ఎక్స్‌ప్లోరర్-1 ఎందుకు అడ్డం తిరిగింది? నాలుగు తీగల కేస్ స్టడీ

ఉపగ్రహాల దిశా నియంత్రణ నా వృత్తి. మా బృందంలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లకు మొదటి వారంలోనే ఒక కాగితం ఇస్తాను. అందులో ఒక స్థూపం కొలతలు ఉంటాయి: పొడవు 203 సెంటీమీటర్లు, వ్యాసం 15.9 సెంటీమీటర్లు, బరువు 13.97 కిలోలు, పొడవాటి అక్షం చుట్టూ నిమిషానికి 750 చుట్లు, నడుము దగ్గర బయటికి చాచుకుని ఉన్న నాలుగు మెత్తని తీగలు. చుట్టూ శూన్యం. బయటి నుంచి నెట్టేది ఏదీ లేదనుకోమని, ఇది కొన్ని గంటల తర్వాత ఎలా తిరుగుతుంటుందో చెప్పమని అడుగుతాను. లెక్కల్లో చెయ్యి తిరిగినవాళ్లు, తిరిగే వస్తువుల కదలికను చెప్పే ఆయిలర్ సమీకరణాలు రాసి, ఇలాగే తిరుగుతూ ఉంటుందని ధీమాగా జవాబిస్తారు.

ఆ కొలతలు ఎక్స్‌ప్లోరర్-1వి. 1958 జనవరి 31 రాత్రి ఫ్లోరిడాలోని కేప్ కెనవెరాల్ నుంచి బయలుదేరిన అమెరికా తొలి ఉపగ్రహం అది. దాన్ని రూపొందించినవాళ్లు కూడా అది అలాగే తిరుగుతుందని నమ్మారు. కక్ష్యలో చేరిన మొదటి కొన్ని గంటల్లోనే అది పొడవాటి అక్షాన్ని వదిలేసి, ఒక కొస వెంట మరో కొస ముందుకు వచ్చేలా పల్టీలు కొట్టసాగింది. ఏ భాగమూ విరగలేదు, ఏ పరికరమూ చెడలేదు, నేల నుంచి ఎవరూ తప్పు ఆదేశం పంపలేదు.

మా రంగంలో ఇంతకన్నా విలువైన కేసు నాకు తెలియదు. పెద్ద పేలుళ్ల కథలు, కోట్ల రూపాయల నష్టాల కథలు చాలా ఉన్నాయి. కానీ ఇక్కడ సమీకరణాలు తప్పు కావు, చేసిన లెక్కా తప్పు కాదు. ఆ లెక్కలోకి ఎక్కించని వస్తువు ఒకటి ఉపగ్రహం మీద ఉంది. ఆ వస్తువును గుర్తించడం దగ్గరే మా పని మొదలవుతుంది.

ఆ ఆకారం, ఆ వేగం ఎక్కడివి

ముందు ఒక సంగతి గమనించాలి. నిమిషానికి 750 చుట్లు తిరగాల్సిన అవసరం ఉపగ్రహానికి లేదు. అది రాకెట్ అవసరం.

1957 అక్టోబరు 4న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ వెళ్లింది. డిసెంబరు 6న అమెరికా నౌకాదళం వాన్‌గార్డ్ రాకెట్ ప్రయోగ వేదిక మీదే కూలి కాలిపోయింది. ఈ రెండింటి మధ్య హంట్స్‌విల్‌లో అమెరికా సైన్యానికి రాకెట్లు తయారుచేస్తున్న వెర్నర్ ఫాన్ బ్రౌన్ బృందానికి, పసడేనాలో విలియం పికరింగ్ నడుపుతున్న జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి కలిపి ఉపగ్రహం పంపే అనుమతి దొరికింది. మూడు నెలల లోపు పని పూర్తి కావాలి. రాకెట్ కింది అంతస్తు ద్రవ ఇంధనంతో నడిచే రెడ్‌స్టోన్ క్షిపణి సవరణ రూపం. దాని మీద ఒక గుండ్రటి తొట్టి. ఆ తొట్టిలో చిన్న ఘన ఇంధన మోటార్లు: రెండో దశకు 11, మూడో దశకు 3, నాలుగో దశకు 1. ఈ పై మూడు దశలకూ దారి చూపే యంత్రాంగం ఏదీ లేదు. పదకొండు మోటార్లు ఒకేసారి ఒకే బలంతో మండవు. ఒకవైపు కాస్త ఎక్కువ నెట్టితే చాలు, మొత్తం పక్కదారి పడుతుంది. ఆ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని తొట్టి మొత్తాన్ని ప్రయోగానికి ముందు నుంచే విద్యుత్ మోటార్లతో తిప్పారు. లోపాన్ని సరిచేసే తీరిక లేనప్పుడు దాన్ని అన్ని దిక్కులకూ సమానంగా పంచెయ్యడం చక్కని ఉపాయం. నేటికీ ఘన ఇంధనపు పై దశలకు కొన్నిచోట్ల ఇదే వాడతాం.

ఆకారం సంగతీ అంతే. పరికరాలున్న భాగం మొత్తం పొడవులో సగం కూడా లేదు. మండిపోయిన నాలుగో దశ మోటారు ఖాళీ గొట్టాన్ని విడదీయకుండా ఉపగ్రహానికే అంటిపెట్టి ఉంచారు. విడదీసే యంత్రాంగం పెడితే బరువు, దానితోపాటు విఫలమయ్యే మరో అవకాశం. అందుకని రోకలి లాంటి ఆకారం వచ్చింది. మా బృందంలో ఇలా తిరిగే అక్షం వెంట సాగి ఉన్నవాటిని రోకలి రకం అని, అక్షానికి అడ్డంగా పరుచుకుని ఉన్నవాటిని తిరగలి రకం అని పిలుస్తాం. ఇక మీదట ఆ మాటలే వాడతాను.

తీగలు

ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. ఒకటి 60 మిల్లీవాట్లది, రెండోది 10 మిల్లీవాట్లది. రెండూ 108 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో పలికేవి. ఈ రేడియో తరంగాలు బయటికి వెళ్లడానికి రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి, ఉపగ్రహం ఒంట్లోనే ఫైబర్‌గ్లాసు భాగాల్లో ఇమిడిన చీలిక యాంటెన్నా. రెండోది, ఒంటి చుట్టూ తొంభై డిగ్రీల ఎడంలో అమర్చిన నాలుగు తీగ యాంటెన్నాలు. ఒక్కొక్కటి అరమీటరు పైచిలుకు పొడవు. ఇవి కడ్డీలు కావు, వంగే తీగలు. వాటిని నిటారుగా నిలబెట్టే స్ప్రింగులూ బందులూ అక్కర్లేదు. ఉపగ్రహం తిరిగే వేగమే వాటిని బయటికి లాగి చాచి ఉంచుతుంది. బరువు తక్కువ, యంత్రాంగం సున్నా. ఈ అమరికను చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఇంజనీరుగా నేనూ అదే పని చేసేవాణ్ణి.

ఈ తీగల మొత్తం బరువు ఉపగ్రహం బరువులో లెక్కపెట్టేటంత కాదు. జడత్వ భ్రామకం అంటే ఒక అక్షం చుట్టూ వస్తువును తిప్పడం ఎంత కష్టమో చెప్పే అంకె; బరువు అక్షానికి ఎంత దూరంగా ఉంటే అది అంత పెద్దది. ఆ భ్రామకాల పట్టికలో తీగలను వదిలేసినా అంకెలు పెద్దగా మారవు. అందుకే వాటిని ఎవరూ పట్టించుకోకపోవడం సహజం.

నేల మీద ఏమి కనిపించింది

ఎక్స్‌ప్లోరర్-1కి కెమెరా లేదు. తన దిశ తనకు చెప్పుకునే గైరోలు లేవు. నేల మీది కేంద్రాలకు వచ్చింది రేడియో సంకేతం ఒక్కటే. ఆ సంకేతం బలం రికార్డుల్లో ఎక్కుతూ దిగుతూ కనిపించింది. పొడవాటి అక్షం చుట్టూ శుభ్రంగా తిరిగే ఉపగ్రహం తల మీదుగా దాటిపోతుంటే సంకేతం నింపాదిగా పెరిగి నింపాదిగా తగ్గాలి. అది పల్టీలు కొడుతుంటే, నేల మీది మనిషికి ఒకసారి దాని పక్క, ఒకసారి దాని కొస కనిపిస్తాయి. యాంటెన్నా అన్ని దిక్కులకూ ఒకే బలంతో ప్రసరించదు కాబట్టి సంకేతం కొన్ని సెకన్లకోసారి క్రమం తప్పకుండా వాడి, మళ్లీ పుంజుకుంటుంది. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు ఆ ఎత్తుపల్లాల నుంచే ఉపగ్రహం కదలికను వెనక్కి లెక్కగట్టారు. మొదట అక్షం శంకువు గీస్తూ ఊగింది. ఆ శంకువు వెడల్పవుతూ పోయింది. చివరికి అక్షం పూర్తిగా అడ్డం పడింది.

ఇక్కడ మా కొత్త ఇంజనీర్లను కారణం వెదకమంటాను. వాళ్లు ముందు బయటికే చూస్తారు. గాలి రాపిడి అంటారు: కక్ష్యలో అతి తక్కువ ఎత్తు 358 కిలోమీటర్లు, అతి ఎక్కువ ఎత్తు 2,550 కిలోమీటర్లు. గాలి ప్రభావం ఉన్న మాట నిజమే. ఆ రాపిడే 1970 మార్చి 31న దాన్ని కిందికి దించింది. కానీ దానికి పన్నెండేళ్లు పట్టింది, ఇక్కడ మన చేతిలో గంటలే ఉన్నాయి. భూ అయస్కాంత క్షేత్రం అంటారు: తిరిగే లోహంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి భ్రమణాన్ని తగ్గిస్తాయి, 1958 మార్చిలో వెళ్లిన బుల్లి గోళం వాన్‌గార్డ్-1 విషయంలో అదే జరిగింది. అది కూడా నెమ్మదిగా సాగే వ్యవహారం. ఉల్క తాకిందేమో అంటారు: తాకితే ఒక్కసారిగా కుదుపు రావాలి, ఊగు గంటల తరబడి మెల్లగా పెరగకూడదు.

బయటి కారణాలన్నింటికీ కలిపి ఒక్క అభ్యంతరం ఉంది. అంత వేగంగా తిరిగేదాని కోణీయ ద్రవ్యవేగం, అంటే దాని భ్రమణానికి ఉన్న ఊపు, పెద్దది. దాన్ని మార్చాలంటే బయటి నుంచి గట్టి మెలిక (టార్క్) పెట్టాలి. అసలు విషయం ఏమిటంటే, ఇక్కడ కోణీయ ద్రవ్యవేగం మారనే లేదు. అది అంతరిక్షంలో అదే దిశలో, అదే పరిమాణంలో నిలిచి ఉంది. దాని చుట్టూ ఉపగ్రహం ఒళ్లు మాత్రమే అడ్డం తిరిగింది. ఈ తేడా పట్టుబడితే కేసు సగం తేలినట్టే.

శక్తి ఎక్కడికి పోయింది

ఆయిలర్ 18వ శతాబ్దంలో రాసిన సమీకరణాల నుంచి తేలే సంగతి ఇది: దృఢ వస్తువు ఏదైనా తన అతి పెద్ద జడత్వ భ్రామకం ఉన్న అక్షం చుట్టూ తిరిగినా, అతి చిన్నది ఉన్న అక్షం చుట్టూ తిరిగినా నిలకడగానే ఉంటుంది. మధ్యస్థంగా ఉన్న అక్షం చుట్టూ మాత్రమే నిలవదు. రోకలి రకం తన పొడవాటి అక్షం చుట్టూ తిరగడమంటే అతి చిన్న భ్రామకం చుట్టూ తిరగడం. ఆయిలర్ ప్రకారం అది సురక్షితం. కానీ ఆ సిద్ధాంతం దృఢ వస్తువు గురించి. ఏ అణువూ మరో అణువుతో పోల్చితే కదలని వస్తువు గురించి. అలాంటిది ప్రకృతిలో లేదు, ఎక్స్‌ప్లోరర్-1 అసలే కాదు.

తిరిగే వస్తువు గతిజ శక్తి అంటే దాని కోణీయ ద్రవ్యవేగం వర్గాన్ని జడత్వ భ్రామకానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకె. కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి మెలిక లేకుండా మార్చలేం. శక్తిని మాత్రం లోపలే వేడిగా మార్చి పోగొట్టుకోవచ్చు. ద్రవ్యవేగం అలాగే ఉంచి శక్తి తగ్గాలంటే ఒకటే మార్గం: హారంలో ఉన్న భ్రామకం పెరగాలి. అంటే వస్తువు మెల్లగా ఒరుగుతూ, తన అతి పెద్ద భ్రామకం ఉన్న అక్షం చుట్టూ తిరిగే స్థితికి చేరాలి. రోకలికి ఆ స్థితి పల్టీలే. అక్కడికి చేరాక పోగొట్టుకోవడానికి శక్తి మిగలదు; అందుకే అది దాని ఆఖరి మజిలీ. అదే తిరగలి రకమైతే మొదలే ఆఖరి మజిలీలో ఉంటుంది, లోపలి రాపిడి దానికి మేలే చేస్తుంది, చిన్నాచితకా ఊగును అణిచేస్తుంది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. బరువు ఎక్కడెక్కడ ఉందో పూర్తిగా తెలియకపోయినా హద్దులు వేయవచ్చు. బరువంతా పైగోడలో ఉందనుకుంటే పొడవాటి అక్షం చుట్టూ భ్రామకం సుమారు 0.088 కిలోగ్రాం-చదరపు మీటర్లు. లోపలంతా సమానంగా నిండి ఉందనుకుంటే 0.044. అడ్డ అక్షం చుట్టూ సుమారు 4.8. నిష్పత్తి 55 నుంచి 110 దాకా. అంటే నిమిషానికి 750 చుట్లు తిరిగే రోకలి, పల్టీల్లోకి దిగాక నిమిషానికి 7 నుంచి 14 చుట్లకు పడిపోతుంది. నాలుగు నుంచి తొమ్మిది సెకన్లకు ఒక పల్టీ. సంకేతం కొన్ని సెకన్లకోసారి వాడడానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

శక్తి లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట్లో భ్రమణ శక్తి 135 నుంచి 270 జౌళ్ల మధ్య ఉంది. చివరికి మిగిలింది ఐదు జౌళ్ల లోపే. పోయినది మొత్తం కలిపి, అదే ఉపగ్రహాన్ని భూమి మీద ఒకటి రెండు మీటర్లు పైకెత్తడానికి పట్టే శక్తి. అది మూడు గంటల్లో పోయిందనుకుంటే సగటున 12 నుంచి 25 మిల్లీవాట్లు. దాని పెద్ద ట్రాన్స్‌మిటర్ తీసుకునేదానిలో సగం కూడా కాదు! నాలుగు తీగలు వంగుతూ లేస్తూ అంత వేడిని పుట్టించడం ఏమంత కష్టం కాదు. ఈ అంకె చెప్పినప్పుడే మా కొత్తవాళ్ల ముఖాల్లో అనుమానం తొలగిపోవడం చూస్తుంటాను. ఉపగ్రహాన్ని అడ్డం తిప్పడానికి పెద్ద బలం కావాలని మనసు అంటుంది. పెద్ద బలం అక్కర్లేదు. ఆగకుండా కారిపోయే కాస్త శక్తి చాలు.

తీగల ప్రవర్తనను ఇంకొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అసలు విశేషం అక్కడే ఉంది. రాకెట్ నుంచి విడివడేటప్పుడు ఏదో ఒక చిన్న ఊగు మిగలక తప్పదు. దాన్నే మేము నూటేషన్ అంటాం. ఉపగ్రహం మీద కూర్చుని చూస్తే ఆ ఊగు తీగల వేళ్లను పైకీ కిందికీ కుదుపుతూ ఉంటుంది. ఎంత తరచుగా? రోకలి రకానికి ఆ కుదుపు వేగం భ్రమణ వేగంలో 98, 99 శాతం. అంటే సెకనుకు పన్నెండుసార్లకు పైగా. ఇక ఆ తీగ తనంతట తాను ఊగే వేగం ఎంత? మెత్తని తీగ బిగువంతా భ్రమణం ఇచ్చిందే. వేరు దగ్గర స్వేచ్ఛగా మడతపడే తీగగా తీసుకుని లెక్కిస్తే, దాని సహజ వేగం భ్రమణ వేగం కన్నా సుమారు పది శాతం మాత్రమే ఎక్కువ వస్తుంది. కుదిపే వేగం, ఊగే వేగం ఇంత దగ్గరగా వచ్చాయంటే అనునాదం గడప దగ్గర ఉన్నట్టే. చిన్న కుదుపుకు కూడా తీగ విపరీతంగా ఊగుతుంది. ఉపగ్రహాన్ని ఇంకా వేగంగా తిప్పినా ఈ దగ్గరితనం పోదు, ఎందుకంటే రెండు వేగాలూ భ్రమణంతోపాటే పెరుగుతాయి. బిగువు కోసం భ్రమణం మీద ఆధారపడిన తీగను, రోకలి రకం నడుముకు కడితే జరిగేది ఇదే. ఇది నా చేతి లెక్క. తీగ వేరు దగ్గరి బిగువును కలిపితే అంకెలు కొంత కదులుతాయి. కానీ గంటల్లోనే కథ ముగియడానికి కారణం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

తెలిసినవాళ్లు ఉన్నారు, మరో గదిలో

ఇదంతా 1958లో ఎవరికీ తెలియని విజ్ఞానం కాదు. 19వ శతాబ్దంలోనే లార్డ్ కెల్విన్ ద్రవం నింపిన గుల్లలను తిప్పి చూశాడు. కాస్త చదునుగా ఉన్నది నిలిచింది, కాస్త సాగి ఉన్నది నిలవలేదు. 1891లో సేత్ చాండ్లర్ భూమి అక్షం పద్నాలుగు నెలలకోసారి చిన్న వలయం గీస్తోందని నక్షత్ర పరిశీలనల నుంచి పట్టుకున్నాడు. దృఢమైన భూమికి ఆయిలర్ లెక్క ప్రకారం పది నెలలు రావాలి. తేడా ఎందుకంటే భూమి వంగుతుంది, సముద్రాలు కదులుతాయి. భూమి తిరగలి రకం కాబట్టి ఆ వంగడం దానికి ప్రమాదం కాలేదు.

ఎక్స్‌ప్లోరర్ కేసును శాస్త్ర పత్రికలో విడమరిచి చెప్పిన ఇద్దరూ రాకెట్ ఇంజనీర్లు కారు. స్టాన్‌ఫర్డ్‌లో రేడియో ఖగోళ శాస్త్రవేత్త రొనాల్డ్ బ్రేస్‌వెల్, అక్కడే రేడియో తరంగాల మీద పరిశోధన చేస్తున్న ఓవెన్ గారియట్ కలిసి 1958 సెప్టెంబరులో నేచర్ పత్రికలో కృత్రిమ ఉపగ్రహాల భ్రమణం గురించి రాశారు. కోట్ల ఏళ్లుగా తిరుగుతున్న వస్తువులను చూసే ఖగోళ శాస్త్రవేత్తకు లోపలి రాపిడి చివరికి ఎక్కడికి తీసుకెళుతుందో స్పష్టంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. గ్రహశకలాల్లో అత్యధికం తమ అతి పెద్ద భ్రామకం చుట్టూనే తిరుగుతుంటాయి. గారియట్ ఆ తర్వాత వ్యోమగామి అయ్యాడు. 1973లో స్కైలాబ్‌లో 59 రోజులు గడిపాడు, 1983లో కొలంబియా నౌక నుంచి నేల మీది రేడియో అభిరుచిగాళ్లతో మాట్లాడాడు. ఉపగ్రహాల పల్టీల గురించి రాసిన మనిషి తానే కక్ష్యలో తిరిగి రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

పల్టీలు కొట్టినా ఎక్స్‌ప్లోరర్-1 తన పని చేసింది. అయోవాలో జేమ్స్ వాన్ ఆలెన్ బృందం పెట్టిన, రేడియేషన్ కణాలను లెక్కించే గైగర్ కౌంటర్ ఎక్కువ ఎత్తుల్లో ఉన్నట్టుండి సున్నా చూపింది. కణాలు లేక కాదు, లెక్కించలేనంత ఎక్కువై కౌంటర్ స్తంభించింది. మార్చిలో వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3 టేపు రికార్డర్‌తో కక్ష్య పొడవునా లెక్కలు తెచ్చాక అది ఖాయమైంది. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల గురించి 1958 మే 1న ప్రకటించారు. వాటికి వాన్ ఆలెన్ పేరే స్థిరపడింది.

తర్వాతి దశాబ్దాలు

వెంటనే వచ్చిన మార్పు ఆకారంలో కనిపిస్తుంది. 1960 ఏప్రిల్ 1న వెళ్లిన వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 మీటరుకు పైగా వ్యాసం, అందులో సగం మేర ఎత్తు ఉన్న డోలు. 1963లో భూసమకాలిక కక్ష్యకు చేరిన తొలి ఉపగ్రహం సింకామ్-2 వ్యాసం 71 సెంటీమీటర్లు, ఎత్తు 39. అన్నీ తిరగలి రకమే. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద కపుస్తిన్ యార్ నుంచి వెళ్లిన మన ఆర్యభట కూడా అక్షం చుట్టూ తిరిగే ఉపగ్రహమే; 26 ముఖాలతో గుండ్రంగా కనిపించే ఆ 360 కిలోల ఉపగ్రహం ఎత్తు కన్నా అడ్డు కొలతే ఎక్కువ.

కానీ రాకెట్ ముక్కు గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తిరగలి రకం దాంట్లో అడుగున కూర్చుని పైన బోలెడు చోటు వృథా చేస్తుంది. సౌర ఘటాలు అతికించే చుట్టుగోడ కూడా పొట్టిదైపోతుంది. ఈ ఇబ్బందికి ఆర్‌సీఏ కంపెనీలో వెర్నన్ లాండన్, హ్యూస్ కంపెనీలో ఆంథొనీ యొరిల్లో వేర్వేరుగా ఒక దారి కనిపెట్టారు. ఉపగ్రహాన్ని రెండు భాగాలు చేసి ఒకటి తిప్పి, రెండోదాన్ని భూమి వైపు కదలకుండా నిలిపి ఉంచితే, నిలిచి ఉన్న భాగంలో జరిగే రాపిడి ఊగును అణుస్తుంది; తిరిగే భాగంలోని రాపిడి పెంచుతుంది. మొదటిది రెండోదానికన్నా బలంగా ఉండేలా చూసుకుంటే రోకలి రకం కూడా నిలుస్తుంది. 1969లో టాక్‌శాట్ అనే ఉపగ్రహం దీన్ని కక్ష్యలో నిరూపించింది. 1971 నుంచి వచ్చిన ఇంటెల్‌శాట్-4 సమాచార ఉపగ్రహాల వ్యాసం 2.38 మీటర్లు, ఎత్తు 5.28 మీటర్లు. శత్రువును పక్కన పెట్టుకుని పని చేయించుకోవడమంటే ఇదే. రాపిడిని తొలగించలేదు, దాని చోటు మార్చారు.

అదే 1969లో పాత కథ మరో రూపంలో తిరిగొచ్చింది. ఆగస్టు 12న వెళ్లిన నాసా ప్రయోగాత్మక ఉపగ్రహం ఏటీఎస్-5కి పైకక్ష్య మోటారు తగిలించి ఉన్నంతసేపు రోకలి ఆకారం. ఆ కాసేపు ఏమీ కాదనుకున్నారు. ఉపగ్రహంలో వేడిని అటూ ఇటూ చేరవేసే హీట్ పైపుల్లోని ద్రవం, అంచనాకన్నా చాలా ఎక్కువగా శక్తిని తినేసింది. ఊగు పెరిగి అది పల్టీల్లో పడింది. మోటారును వదిలేశాక ఆకారం తిరగలి రకానికి మారి, తానే సరైన అక్షం మీదికి వచ్చింది. కానీ తిరగాల్సిన వైపుకు ఎదురు తిరుగుతూ వచ్చింది. భ్రమణాన్ని ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఒకే దిశకు పనికొచ్చేది. ఆపలేకపోయారు, భూమి ఆకర్షణ తేడాతో ఉపగ్రహాన్ని నిలబెట్టే పొడవాటి కడ్డీల ప్రయోగం జరగనే లేదు. పల్టీల నుంచి బయటపడేటప్పుడు ఏ కొస ఏ వైపుకు వస్తుందో ముందుగా చెప్పడం దాదాపు అసాధ్యం. కోలుకునే పద్ధతులు రాసేటప్పుడు రెండు దిశలకూ పనికొచ్చేలా రాయమని మేము పట్టుబట్టేది ఈ కేసు వల్లే.

శక్తి తగ్గడం ఒక్కటే దారి కాదని యులిసిస్ చూపింది. సూర్యుడి ధ్రువాలను చూడడానికి 1990 అక్టోబరులో బయలుదేరిన ఆ నౌక, భ్రమణ అక్షం వెంట 7.5 మీటర్ల కడ్డీని చాచగానే ఊగసాగింది. నౌక తిరుగుతుంటే కడ్డీ ఒక్కో పక్కా వంతులవారీగా ఎండకు కాగి వంగేది. భూమి వైపు గురి నిలిపే రేడియో వ్యవస్థ సాయంతో, నేల మీది నుంచి కనిపెట్టుకుని ఉంటూ ఆ ఊగును అణిచారు.

ఇప్పటి పనిలో

ఘన ఇంధనపు పై దశల్లో ఈ సమస్య ఎప్పటికీ పాతబడలేదు. 1983 ఆగస్టులో ఛాలెంజర్ మోసుకెళ్లిన ఇన్సాట్-1బి, తిరుగుతూ వెళ్లే పామ్-డి అనే పై దశ మీదే తన దారి పట్టింది. మన పల్లెలకు దూరదర్శన్‌ను చేర్చిన ఉపగ్రహం అది. ఆ రకం దశల్లో ఊగును కనిపెట్టి చిన్న జెట్‌తో సరిదిద్దే వ్యవస్థ ఉండేది. మోటారు మండేటప్పుడు లోపల పేరుకునే కరిగిన అల్యూమినియం ఆక్సైడు ముద్ద కూడా ఊగును పెంచగలదని అప్పటి ఇంజనీర్లు చర్చించుకున్నారు. మండుతున్న మోటారులో మడ్డి సైతం లెక్కలోకి వస్తుందన్నమాట.

విద్యార్థుల చిన్న ఉపగ్రహాల్లో యాంటెన్నాలుగా ఉక్కు కొలత టేపు ముక్కలు వాడడం మామూలే. చుట్టి కట్టేస్తారు, కక్ష్యలో తాడు కరగగానే అవి తెరుచుకుంటాయి. మంచి ఉపాయం. అయితే నా దగ్గరికి డిజైన్ వచ్చినప్పుడు బొమ్మలో ఆ టేపులు సరళ రేఖలుగా కనిపిస్తే వెంటనే ఆపి, వాటి ఊగే వేగం ఎంతని అడుగుతాను. ఇలాంటి ఉపగ్రహాల్లో మూడు చిన్న ఘనాలను నిలువుగా పేర్చినట్టుండే డబ్బా రోకలి రకమే. దాన్ని పొడవాటి అక్షం చుట్టూ తిప్పాలని ఎవరైనా అంటే, ఎంతసేపని అడుగుతాను. పది నిమిషాలకైతే అభ్యంతరం లేదు. పది రోజులకైతే అడ్డ అక్షం ఎంచుకోమంటాను, లేదా ఊగును అణిచే నియంత్రణ పెట్టమంటాను. అత్యవసర స్థితిలో ఉపగ్రహం తానే వెళ్లి కూర్చునే సురక్షిత భ్రమణం ఎప్పుడూ అతి పెద్ద భ్రామకం చుట్టూనే ఉండాలి, సౌర పలకలు ఆ స్థితిలోనే సూర్యుణ్ణి చూడాలి. నియంత్రణ కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోయినా ప్రకృతి ఉపగ్రహాన్ని అక్కడికే తీసుకెళుతుంది. పోరాడి నిలబెట్టుకోవాల్సిన స్థితిని ఎవరైనా సురక్షితమని రాస్తే ఒప్పుకోను.

ప్రతి డిజైన్‌కూ ఒక పట్టిక తయారు చేయిస్తాను. వంగేవి, ఒలికేవి, వదులుగా కదిలేవి అన్నీ అందులోకి రావాలి: యాంటెన్నాలు, సౌర పలకల కీళ్లు, ఇంధన ట్యాంకులు, హీట్ పైపులు, కేబుల్ కట్టలు. ఒక్కొక్కదాని ఎదుట దాని సహజ వేగం, నూటేషన్ వేగం, రెంటి మధ్య ఎడం, ఊగు రెట్టింపు కావడానికి పట్టే సమయం. తీగలకూ పలకలకూ ఈ అంకెలు నమ్మదగినవే వస్తాయి. ద్రవం సంగతి వేరు. సగం ఖాళీ అయిన ట్యాంకులో ఇంధనం ఎంత శక్తి తింటుందో కాగితం మీద తేలదు. గురుత్వాకర్షణ లేనప్పుడు అది గోడలకు ఎలా అంటుకుంటుందో నేల మీది పరీక్షలో పూర్తిగా కనిపించదు. అందుకే ట్యాంకు వరుసలో వచ్చిన సమయాన్ని చాలా రెట్లు కుదించి, అంత తొందరగా ఊగు పెరిగినా తట్టుకునేలా నియంత్రణ జెట్‌లను లెక్కగడతాం. కక్ష్యలో భ్రమణం మొదలైన తొలి నిమిషాల్లోనే గైరోల నుంచి ఊగు పెరిగే వేగాన్ని కొలిచి పట్టికతో పోల్చుతాం. అంచనాకన్నా వేగంగా పెరుగుతుంటే మోటారు మండించే వేళను ముందుకు జరపాలా, భ్రమణాన్ని ఆపాలా అన్న నిర్ణయం ప్రయోగానికి ముందే రాసి సంతకాలు చేసి ఉంటుంది. ఆ క్షణాన చర్చలు పెట్టుకునే వ్యవధి ఉండదు.